తారది తప్పు కాదు

పశువుల ఆరోగ్యం: మీ ఉత్తరాలు, డాక్టరు జవాబులు

మాళేగావ్ ఖండోబా జాతర దగ్గర పడుతోంది. నాందేడ్ జిల్లాలో గుర్రం ఉన్న ఇళ్లలో ఇప్పుడు వేరే మాట ఉండదు. ఈ నెల ఉత్తరాలు మూడూ గుర్రాల గురించే వచ్చాయి. మొదటి ఉత్తరానికే ఎక్కువ చోటు పట్టింది. మిగిలిన ఇద్దరూ మన్నించాలి.

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది బిలోలి తాలూకాలో ఒక పల్లె. మా ఆయన పెళ్లి వరాతలకు, అంటే ఊరేగింపులకు, గుర్రం తోలుతారు. మామగారి కాలం నుంచి అదే మా బతుకు. మా తెల్లగుర్రం తార శ్రావణంలో ఈనింది. ఆడపిల్ల పుట్టింది, గౌరి అని పేరు పెట్టుకున్నాం. రెండు నెలలు లేడిపిల్లలా గంతులేసింది. తర్వాత బకెట్లో నీళ్లు తాగబోతే తల ఊగడం మొదలైంది. ఊరికే నిలబడితే ఏమీ లేదు. నడిచేటప్పుడు ముందుకాళ్లు పోలీసు కవాతులాగా ఎత్తి వేస్తోంది. పలుపు పట్టి తల పైకి లేపితే వెనక్కి పడిపోతోంది. తెలిసినవాళ్లని ఇద్దరిని పిలిస్తే కాల్షియం సీసాలు ఎక్కించి వెళ్లారు. గుణం కనబడలేదు. తార కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం నాడు నేను దాన్ని బయట కట్టేశాను, అందుకే ఇలా అయిందని అత్తయ్య అంటోంది. తార మాకు అచ్చిరాలేదట, జాతరలో అమ్మేయమంటోంది. దాటించిన మగగుర్రం అరబ్బీ. తార కూడా పదేళ్ల కిందట ఆ శాల నుంచే మా ఇంటికి వచ్చింది. గౌరి బాగవుతుందా? తారను మళ్లీ అదే గుర్రానికి దాటించవచ్చా? గౌరి మెడలో తాయెత్తు కట్టాం, తీసేయాలా?

జవాబు: అమ్మా, ముందు గ్రహణం మాట పక్కన పెడదాం. గ్రహణం నాడు మీరు తారను బయట కట్టారు, లోపల కట్టారు, దానికీ గౌరి తల ఊగడానికీ ఏ సంబంధమూ లేదు. ఇది మీ వల్ల రాలేదు. తార వల్ల మాత్రమే కూడా రాలేదు.

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "ఊరికే నిలబడితే ఏమీ లేదు, నీళ్లు తాగబోతే ఊగుతుంది" అని రాశారు చూడండి, నాకు దారి చూపింది ఆ ఒక్క వాక్యమే. రోజూ పక్కన నిలబడి చూసే మనిషే అలా రాయగలరు. నీరసంతో వణికే పశువు నిలబడినా వణుకుతుంది. జ్వరంతో వణికేదీ అంతే. ఏదైనా పని చేయబోయినప్పుడే ఊగి, పని లేనప్పుడు ఆగిపోయిందంటే నేను చూసేది చిన్నమెదడు వైపు.

మనం అన్నం ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంటాం. చీకట్లో తిన్నా అది నోటికే వెళుతుంది, ముక్కుకు తగలదు. చెయ్యి ఎంత దూరం వెళ్లాలి, ఎక్కడ ఆగాలి అన్న ఆ లెక్కంతా తల వెనక భాగంలో ఉండే చిన్నమెదడు చూసుకుంటుంది. గౌరికి బలం తగ్గలేదు, తెలివి తగ్గలేదు. ఆ లెక్క తప్పుతోంది. మూతి నీళ్ల దగ్గర ఆగాల్సింది దాటిపోతుంది, వెనక్కి లాక్కుంటుంది, మళ్లీ దాటిపోతుంది. మీకు తల ఊగినట్టు కనిపించేది అదే. కాలు జానెడు ఎత్తాల్సిన చోట మూరెడు ఎత్తడం కూడా అందుకే.

అరబ్బీ గుర్రాల్లో వంశపారంపర్యంగా వచ్చే జబ్బు ఒకటి ఉంది. ఇంగ్లీషులో సెరిబెల్లార్ అబయోట్రఫీ అంటారు. చిన్నమెదడులో పర్కింజీ కణాలని పెద్ద పెద్ద నరాల కణాలు వరసగా ఉంటాయి. 1837లో వాటిని మొదట వర్ణించిన చెక్ శాస్త్రవేత్త పేరే వాటికి పెట్టారు. ఈ జబ్బున్న పిల్లలో ఆ కణాలు సరిగానే తయారవుతాయి, కానీ బతకాల్సినంత కాలం బతకవు, రాలిపోతాయి. అందుకే పిల్ల పుట్టినప్పుడు చక్కగా ఉంటుంది. చాలావరకు ఆరు వారాలకూ నాలుగు నెలలకూ మధ్య లక్షణాలు బయటపడతాయి. గౌరికి రెండు నెలలప్పుడు మొదలైంది. తండ్రి అరబ్బీ, తల్లీ ఆ శాలదే. ఇవన్నీ పక్కపక్కన పెడితే నాకు కలిగే అనుమానం ఇదే. అయితే కాగితం మీద చదివి ఇదే జబ్బని తేల్చేయను. ఒక పరీక్ష మీరే ఇంట్లో చేయండి. గౌరి ప్రశాంతంగా ఉన్నప్పుడు మీ అరచేతిని దాని కంటి వైపు చటుక్కున తెండి. గాలి కొట్టకూడదు, వెంట్రుకలకు తగలకూడదు. మామూలు పిల్ల రెప్ప వేస్తుంది. ఈ జబ్బున్న పిల్లకు చూపు బాగానే ఉంటుంది, గడ్డిపరక కనిపిస్తే మూతి చాస్తుంది, కానీ చెయ్యి మీదికి వస్తే చాలాసార్లు రెప్ప వేయదు. రెండు కళ్లకూ చేసి చూసి, సర్కారు పశువుల డాక్టరుకు చెప్పండి.

ఆయన దగ్గర మరికొన్ని తేల్చుకోవాలి. గౌరిని గానీ తారను గానీ కుక్క కరిచిందా? ఆ అనుమానం ఏమాత్రం ఉన్నా ఎవరూ దాని నోట్లో చెయ్యి పెట్టవద్దు, ఆ రోజే డాక్టరును పిలవండి. బొడ్డు దగ్గర పుండు పడిందా, దవడ బిగుసుకుందా? అలాగైతే ధనుర్వాతం కావచ్చు. వానాకాలం తర్వాత జోరీగలు కుట్టి సర్రా జబ్బు అంటిస్తాయి. జ్వరం వచ్చి పోతూ ఉంటుంది, పశువు చిక్కిపోతుంది, ఒక్కోసారి నడక కూడా తూలుతుంది. రక్తం చుక్క గాజు పలక మీద తీసి చూస్తే ఆ క్రిమి కనిపించవచ్చు, దానికి మందు ఉంది. మందున్న జబ్బును మందులేని జబ్బు అనుకుని వదిలేయడం అన్నిటికన్నా ఘోరం, అందుకే ముందు ఇవి చూపించమంటున్నాను. పిల్ల పడి తలకు దెబ్బ తగిలిందని కూడా మీ ఇంట్లో అనే ఉంటారు. ఈ జబ్బులో చాలాసార్లు తలకిందులుగా జరుగుతుంది. జబ్బు వల్ల పడుతుంది, పడ్డాక దెబ్బ కనిపిస్తుంది.

నేను చేసిన పాత తప్పు ఒకటి మీకు చెప్పుకోవాలి. 1994లో నేను దెగ్లూర్ వైపు కొత్తగా పని చేస్తున్నాను. ఇలాంటిదే ఒక మగపిల్లను చూపించారు. అరబ్బీ రక్తమే. ఖనిజ లవణాల లోపం అనుకున్నాను. తల్లికి బాగా మేత పెట్టండి, మళ్లీ అదే గుర్రానికి దాటించండి, ఈసారి మంచి పిల్ల పుడుతుంది అని ధైర్యంగా చెప్పాను. ఆ రైతు నా మాట విన్నాడు. పదకొండు నెలలు ఉలవలు ఉడికించి పెట్టాడు ఆ తల్లికి. రెండో పిల్ల పుట్టింది. మూడో నెలలో దాని తలా ఊగింది. అది ఒకరాత్రి గడ్డివాము పక్కన పడి మెడ విరిగి చనిపోయింది. నేను దాని చిన్నమెదడును కుళ్లకుండా ఫార్మలిన్ మందునీళ్లలో పెట్టి ప్రయోగశాలకు పంపాను. పర్కింజీ కణాలు ఉండాల్సిన వరసలో చాలా చోట్ల ఖాళీలున్నాయని జవాబు వచ్చింది. ఆ కాగితం చదివినప్పుడు ఆ రైతు ఉడికించిన ఉలవలే గుర్తొచ్చాయి. మీరు అడిగిన రెండో ప్రశ్నకు నేను ఇంత గట్టిగా జవాబు చెప్పడం అందుకే: తారను ఆ గుర్రానికి మళ్లీ దాటించవద్దు. ఆ శాలలోని దాని అన్నదమ్ములకూ వద్దు.

తల్లీ తండ్రీ ఇద్దరూ ఆరోగ్యంగా ఉంటే పిల్లకు ఎలా వచ్చిందని మీ ఇంట్లో అడుగుతారు. మన వైపు మేనరికాలు తెలిసిన ఇళ్లే కాబట్టి ఇలా చెబుతాను. ప్రతి జన్యువుకూ ప్రతి ప్రాణిలో రెండు ప్రతులుంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది పని నడిపిస్తే ఆ గుర్రానికి జబ్బు రాదు, పైకి ఏమీ తెలియదు. దాన్ని వాహకం అంటారు. అలాంటి రెండు వాహకాలు కలిస్తే పిల్లకు రెండూ చెడినవే దక్కే అవకాశం నాలుగింట ఒకటి. రెండింట ఒక అవకాశం పిల్ల వాహకం కావడానికి, మిగిలిన నాలుగో వంతు పూర్తిగా మంచిది కావడానికి. నాలుగు ఈతల్లో ఒకటి చెడి మిగతా మూడూ తప్పక బాగుంటాయని దీని అర్థం కాదు. ప్రతి ఈతకూ లెక్క మొదటి నుంచి మొదలవుతుంది. దగ్గరి చుట్టరికంలో సంబంధం కలిపితే ఒకే తాత నుంచి వచ్చిన ఒకే లోపం రెండు వైపులా ఉండే వీలు ఎక్కువ. తెల్లరంగు నిలవాలని, నడక నిలవాలని ఒకే శాలలో తండ్రికి కూతురిని, అన్నకు చెల్లెలిని దాటిస్తూ పోతే జరిగేది ఇదే. కాబట్టి గౌరి జబ్బు ఇదే అని తేలితే, తార సగం ఇచ్చింది, ఆ మగగుర్రం సగం ఇచ్చింది. మరి జాతరలో అమ్మేయమనేది తారను ఒక్కదాన్నేనా?

ఇప్పుడు గౌరి గురించి. బాగవుతుందని చెప్పలేను. రాలిపోయిన కణాలు తిరిగి రావు, దీనికి మందు లేదు. ఇక కాల్షియం సీసాలకు డబ్బు పెట్టకండి. జబ్బు కొన్ని నెలలు ముదిరి, తర్వాత చాలా గుర్రాల్లో ఒకచోట ఆగుతుంది. దానికి నొప్పి ఉండదు. దెబ్బలు తగలకుండా కాపాడితే పెద్దదై ఏళ్ల తరబడి బతికినవీ ఉన్నాయి. కానీ వీపు మీదికి మనిషిని ఎక్కించే గుర్రం మాత్రం ఎప్పటికీ కాదు. బ్యాండు మేళం, టపాసులు, జీను మీద పెళ్లికొడుకు, ముందు తోడు పెళ్లికొడుకుగా కూర్చున్న చిన్నపిల్లవాడు. అక్కడ గౌరి వెనక్కి పడితే ఏమవుతుందో మీ ఆయనకు నేను చెప్పనక్కర్లేదు. పడి పడి దెబ్బలు మానని స్థితి వస్తే, బాధ లేకుండా నిద్రపుచ్చమని డాక్టరును అడగడం పాపం కాదు. అది ఇప్పుడే తేల్చుకోవాల్సిన పని కూడా కాదు.

ఉన్నంత కాలం ఇలా చూడండి. బకెట్ తీసేసి వెడల్పాటి తొట్టిని రొమ్ము ఎత్తున కదలకుండా బిగించండి. బండలు పరిచిన నేల వద్దు, మట్టి నేల మీద గడ్డి పరవండి. బావి, గుంత, మెట్లు, ముళ్లకంచె దగ్గర్లో ఉండకూడదు. పొట్టి పలుపుతో కట్టకండి, తల పైకి గుంజకండి. వెనక నుంచి చప్పుడు చేయకుండా వెళ్లకండి, ముందు పేరు పెట్టి పిలవండి. తల్లిని గానీ, నెమ్మదైన ముసలి మేకను గానీ తోడుగా ఉంచండి. తాయెత్తు తీయనక్కర్లేదు. దారం మాత్రం మార్చండి. గట్టి నైలాను దారమైతే పడినప్పుడు మేకుకు తగులుకుని మెడ బిగుస్తుంది. లాగితే తెగిపోయే నూలు దారంతో కట్టండి.

తార వరాతలకు నిక్షేపంగా పనికొస్తుంది, దానికేమీ జబ్బు లేదు. ఇంకో పిల్ల కావాలంటే ఈ మధ్య తరాల్లో అరబ్బీ రక్తం కలవని భీమ్‌థడీ జాతి గుర్రాన్నో, మంచి మార్వాడీ జాతి గుర్రాన్నో చూడండి. దాటించే ముందు వీలైతే తారకు జన్యు పరీక్ష చేయించండి. దాని వివరం మూడో జవాబులో ఉంది.

ఈ నాలుగు మాటలు మీ అత్తయ్యకు చదివి వినిపించండి. చెల్లెమ్మా, పిల్ల అలా పడిపోతుంటే మీకెంత కష్టంగా ఉందో నాకు తెలుసు. కానీ నీళ్లు తాగబోతేనే తల ఊగుతోందని కనిపెట్టింది మీ కోడలు. ఇద్దరు వచ్చి చూసి కనిపెట్టలేనిది ఆ అమ్మాయి కనిపెట్టింది. తప్పు ఆమె మీద వేయకండి.

ప్రశ్న: మాది దెగ్లూర్ దగ్గర. ఎనిమిది నెలల మగపిల్ల. తల ఊగదు, తిండి బాగా తింటుంది. వెనక కాళ్లు మాత్రం నడుస్తుంటే పక్కకు జారుతున్నాయి, తిప్పితే కాలు కాలికి తగులుకుంటోంది. మాకు పచ్చిమేత లేదు, ఏడాదంతా కడ్బా (ఎండిన జొన్న చొప్ప), శనగలే. వంశంలో ఉంటే ఇలా వస్తుందా?

జవాబు: వంశమూ ఉండవచ్చు, మేతా ఉండవచ్చు. రెండూ కలిసి కూడా వస్తాయి. గుర్రాల్లో వెన్నుపాము, మెదడు కాండంలోని నరాల పోగులు దెబ్బతినే జబ్బు ఒకటి కొన్ని వంశాల్లోనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆ వంశపు పిల్లకు పుట్టిన మొదటి సంవత్సరంలో విటమిన్ ఇ అందకపోతే అది బయటపడుతుంది. విటమిన్ ఇ పచ్చగడ్డిలో దండిగా ఉంటుంది, ఎండిన చొప్పలో చాలావరకు పోతుంది. ఏడాదంతా కడ్బా మీద బతికే తల్లి పాలలోనూ, ఆ పిల్ల మేతలోనూ అది కరువే. ఇప్పటికే దెబ్బతిన్న నరాలను అది బాగు చేయలేదు, కానీ అదే తల్లి మళ్లీ చూలు కడితే రోజూ కాస్త లూసర్న్ పచ్చిమేత గానీ పచ్చగడ్డి గానీ, డాక్టరు చెప్పిన మోతాదులో విటమిన్ ఇ గానీ అందేలా చూడండి. ఒక జాగ్రత్త. అంగట్లో విటమిన్ ఇతో సెలీనియం కలిపిన ఇంజెక్షన్లు అమ్ముతారు. సెలీనియం ఎక్కువైతే విషం. సొంతంగా గుచ్చకండి.

పచ్చిమేత అన్నాను కదా అని పచ్చి జొన్న చేలో వదలకండి. అది గుర్రానికి వేరే ముప్పు. రోజుల తరబడి మేస్తే వెనక కాళ్లు తూలి, మూత్రం ఆగకుండా కారుతుంది. కాబట్టి మీ పిల్ల తోక కింద తడిగా ఉందేమో కూడా చూడండి. వేగంగా పెరిగే మగపిల్లల్లో మెడ ఎముకలు వెన్నుపామును నొక్కినా నడక ఇలాగే ఉంటుంది. దానికి మెడ ఎక్స్‌రే కావాలి. పర్భణిలో గానీ ఉద్‌గీర్‌లో గానీ ఉన్న పశువైద్య కళాశాలకు తీసుకెళ్లండి. ట్రాలీలో తెచ్చేటప్పుడు పక్కలకు గడ్డిమోపులు పెట్టండి, పడకుండా ఉంటుంది.

ప్రశ్న: నాది లోహా తాలూకా. నా అరబ్బీ మగగుర్రానికి మంచి పేరుంది, ముప్పై పిల్లల దాకా పుట్టాయి, అన్నీ బాగున్నాయి. ఈ మధ్య ఎక్కడో దాని పిల్లకు తల ఊగుతోందని జాతర జనంలో పుకారు లేచింది. నా గుర్రానికి ఏ జబ్బూ లేదు. ఈ పుకారుకు ఏం చెప్పాలి? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: తమ్ముడూ, మీ గుర్రమూ, పై ఉత్తరంలోని గుర్రమూ ఒకటేనా అని నేను అడగను. మీరు చెప్పింది నిజమే అయి ఉంటుంది. ముప్పై పిల్లలు బాగుండవచ్చు, అయినా మీ గుర్రం వాహకం కావచ్చు. లోపం లేని ఆడగుర్రాలకు దాటించినంత కాలం ఒక్క పిల్లకూ జబ్బు రాదు. వాహకమైన ఆడగుర్రం తగిలినప్పుడే బయటపడుతుంది. అరబ్బీల్లో ఇది అరుదేమీ కాదు. 2011లో అమెరికాలో ప్రచురించిన పరిశీలనలో దాదాపు ఐదు అరబ్బీలకు ఒకటి వాహకమని తేలింది. కాబట్టి ఇందులో తలవంపులేమీ లేవు. దాచిపెడితే మాత్రం ఉంది.

అందమైన మగగుర్రం వెనక లోపం ఎంత దూరం వెళుతుందో చెప్పడానికి అమెరికా గుర్రం ఒకటి చాలు. 1969లో పుట్టిన ఇంప్రెసివ్ అనే క్వార్టర్ జాతి మగగుర్రం. కండలు చూసి జనం మురిసిపోయారు, బహుమతులిచ్చారు, దూరదూరాల నుంచి ఆడగుర్రాలను తెచ్చి దాటించారు. దాని సంతానంలో ఉన్నట్టుండి కండరాలు అదిరి, కాళ్లు చచ్చుబడి కూలిపోయే జబ్బు వ్యాపించింది. ఆ జబ్బుకు ఒక్క చెడు ప్రతి చాలు, అందుకే అంత వేగంగా పాకింది. 1992లో దాని జన్యువు దొరికింది. అయినా 2007 నుంచి పుట్టిన పిల్లల్లో రెండు ప్రతులూ చెడినవాటిని రిజిస్టరు చేయబోమని ఆ జాతి సంఘం గీత గీసేదాకా ఏళ్లు పట్టింది. మన దేశంలో 2019 పశుగణన నాటికి గుర్రాలూ తట్టూలూ కలిపి మూడు లక్షల నలభై వేలే మిగిలాయి. అంతకు ముందు లెక్కకు, 2012లో, ఆరు లక్షల పైన ఉండేవి. ఇంత తక్కువ మందలో పేరున్న మగగుర్రాలు ఇంకా తక్కువ, వాటి రక్తం ఊరూరా పాకుతుంది. మీ గుర్రం మీద బాధ్యత ఎక్కువని నేననేది అందుకే.

పుకారుకు మాటతో జవాబు చెప్పకండి, కాగితంతో చెప్పండి. ఈ జబ్బుకు జన్యు పరీక్ష 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ శాఖలోని పశు జన్యు ప్రయోగశాల మొదలుపెట్టింది. రక్తం కూడా అక్కర్లేదు, కుదుళ్లతో ఉన్న జూలు వెంట్రుకలు చాలు. పంపే పద్ధతి, ఖర్చు మీ డాక్టరు ద్వారా పర్భణి కళాశాలలో గానీ, హర్యానాలోని హిసార్‌లో ఉన్న జాతీయ అశ్వ పరిశోధన కేంద్రంలో గానీ అడిగించండి. వెంట్రుకలు కత్తిరించకూడదు. కుదుళ్ల దగ్గర వేలికి చుట్టుకుని చటుక్కున లాగాలి. చివర తెల్లటి కుదురు కనిపించాలి. ఇరవై ముప్పై ఉంటే చాలు. పొడి కాగితం కవర్లో పెట్టి గుర్రం పేరు రాయండి. ఒక కవర్లో ఒకే గుర్రానివి. మీ శాలలో ఈనే ఆడగుర్రాలవీ అలాగే తీయండి.

వాహకం కాదని వస్తే పుకారు ఆ రోజుతో సరి. వాహకమని వచ్చినా గుర్రం మీ శాలలోనే ఉంటుంది, లోపం లేదని తేలిన ఆడగుర్రాలకే దాటించండి, దాటించే ముందు ఎదుటివారికి చెప్పండి. ఇంతకుముందు మీ దగ్గర పిల్లలు పుట్టిన ఇళ్లకు మీరే ఫోన్ చేసి చెప్పండి. మార్గశిరం బహుళంలో జాతరకు నేనూ వస్తున్నాను. గుర్రాల బజారులోనే ఉంటాను. వెంట్రుకలు ఎలా తీయాలో మీ గుర్రానికే తీసి చూపిస్తాను, కవర్లు మీరు తెచ్చుకోండి. బిలోలి అమ్మాయి కూడా తార వెంట్రుకలు కవర్లో పెట్టి తెస్తే రెండూ కలిపి పంపుదాం. గౌరిని మాత్రం జాతరకు తేవద్దమ్మా. ఆ గోలకు అది తట్టుకోలేదు. తిరుగు ప్రయాణంలో నేనే మీ ఊరు వచ్చి చూస్తాను.